ఎదుటి కుర్చీ మీది లైటు

ధరణి అన్నిటికంటే ఎక్కువగా భయపడేది తనమీద కంప్లెయింట్ రావడానికే. పని పోతే ఈ పరాయి దేశంలో, క్లాండాల్కిన్‌లో ఉన్న అద్దె గదీ పోతుంది, చంటిదాన్ని ఎత్తుకుని ఎక్కడికి వెళ్తుంది?

యూనివర్సిటీ లైబ్రరీలో రాత్రిపూట తుడిచే పని ఆమెకు నేర్పింది భానుమతి ఆంటీ. కాళ్లు వాచిపోయి, ఆంటీ ఓ రాత్రి మూలగదిలో కూర్చుని కునుకు తీసిందని అచ్యుత్ అనే స్టూడెంట్ కంప్లెయింట్ పెట్టాడు. ఆంటీ పని పోయింది. "వాడికి నేను మనిషిలా కనబడలేదా?" అని కుమిలి కుమిలి, ఆ చలికాలంలోనే కన్నుమూసింది.

ఈ రాత్రి అదే మూలగదిలోంచి అచ్యుత్ పిలిచాడు. అక్కడి లైట్లు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి.

"అక్కా, లైటు మళ్ల పోయింది. ఎన్ని కంప్లెయింట్లు పెట్టాలె? నేనేమన్న దయ్యాన్నా, దీనికి కనబడ్తలేను?"

గాజు తలుపు అవతల, చీకట్లో, రెండు చేతులూ ఊపాడు. గెంతాడు. లైటు వెలగలేదు. ఎదుటి ఖాళీ కుర్చీ మీది లైటు మాత్రం ఆరకుండా వెలుగుతోంది. కుర్చీ కిర్రుమంది. వాచిన కాళ్లు చాపుకున్నప్పటి నిట్టూర్పొకటి మెల్లగా వినబడింది. ధరణి ఎరిగిన నిట్టూర్పే.

"అక్కా, తలుపు తెరుసుకుంటలేదు! జర తియ్యవా!"

ధరణి బకెట్ అందుకుంది.

"కంప్లెయింట్ పెట్టు తమ్ముడూ, చూస్తారు" అని లిఫ్టు వైపు నడిచింది.

ఇంటికొచ్చి బిడ్డను హత్తుకుని పడుకున్నా ఆమెకు కన్ను మూతపడలేదు. తెల్లారాక మీలో ఎవరైనా అటు వెళితే, ఆ మూలగదిలో అచ్యుత్‌ని ఒక్కసారి చూసి రండి.