యాభై మూడు మెసేజ్‌లు

భార్య ఫోన్‌కి కొత్త ప్రాణం పోస్తానని శనివారం మాటిచ్చిన గుమాస్తా, ఆదివారం మధ్యాహ్నానికి ఉన్న ప్రాణం కాస్తా తీసేశాడు.

ఫోన్ పాతదే. కొత్తది కావాలని ఆమె అడగలేదు. కానీ కొత్తది కొనకుండా తప్పించుకునే దారి ఎక్కడ కనబడినా వదిలే మనిషి కాడతను.

ఆ మోడల్‌కి కొత్త సిస్టమ్ ఎవరూ తయారు చేయలేదు. దాని తర్వాతి మోడల్‌కి చేశారు. తమ్ముడి చొక్కా అన్నకి తొడిగినట్టు, దాన్నే తెచ్చి దీనికి ఎక్కించాడు.

ఫోన్ వెలిగింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చి నిలబడింది: ‘డేటా తెరుచుకోవడం లేదు. అంతా చెరిపేసి ఫార్మాట్ చేయమంటారా?’

“అయిందా?” వంటింట్లోంచి భార్య.

“అవుతోంది.”

“అమ్మ మెసేజ్‌లు జాగ్రత్త.”

అప్పుడు గుర్తొచ్చింది. రెండు వేల ఫోటోలు కంప్యూటర్లో భద్రంగా దాచాడు, సగం తనవే. వాయిస్ మెసేజ్‌లు దాచలేదు.

అత్తగారు పోయి ఎనిమిది నెలలు. ఆవిడ గొంతు ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. యాభై మూడు మెసేజ్‌లు. నలభై దాకా అల్లుడి మీద ఫిర్యాదులే. అవి పొరపాటున పోయాయంటే నమ్మే చుట్టం ఒక్కడూ లేడు.

చుట్టాల మాట అటుంచితే, భార్య రోజూ వంట చేస్తూ ఒకటి వింటుంది. ఒక్కటే. ఎక్కువ వింటే అయిపోతాయేమో అన్నట్టు.

పాత ఫోన్లు బాగుచేసుకునేవాళ్ళ గ్రూపులో గోడు వెళ్ళబోసుకున్నాడు.

నిమిషంలో ఏడు జవాబులు వచ్చాయి. ఏడూ ఒకటే.

“ఫార్మాట్ కొట్టెయ్ గురూ. రెండు నిమిషాల పని.”

ఎనిమిదోది గంట తర్వాత వచ్చింది. పెట్టుకున్న పేరు తాబేలు.

“ఫార్మాట్ నొక్కకండి. లోపల ఏముంది?”

“మా అత్తగారి గొంతు. ఆవిడ ఇప్పుడు లేరు.”

మళ్ళీ మూడు గంటలు.

“అయితే అసలు నొక్కకండి. పక్కన పెట్టండి. చూసి చెబుతాను.”

సోమవారం వచ్చింది.

“ఇంకా ఏం చేస్తోంది నా ఫోను?” అడిగింది భార్య.

“లోపల సర్దుకుంటోంది.”

“మనం ఇల్లు మారినప్పుడు కూడా ఇంతసేపు సర్దలేదు కదండీ!”

ఆఫీసులో బల్ల కింద తన ఫోన్ పెట్టుకుని, తాబేలు కోసం కాచుక్కూర్చున్నాడు.

“సిస్టమ్ ఏ మోడల్ నుంచి తెచ్చారు?”

“తర్వాతొచ్చిన దాని నుంచి.”

“అలాగా.”

ఆ ‘అలాగా’ రావడానికి రెండు గంటలు పట్టింది. గుమాస్తాకి ఒళ్ళు మండింది.

“తాబేలుగారూ, మీ జవాబు వచ్చేలోపు కుందేలు పిల్లల్ని కని, వాటికి పెళ్ళిళ్ళు కూడా చేసేస్తుంది. తెలిస్తే చెప్పండి, లేకపోతే తప్పుకోండి. ఇది మీకు కాలక్షేపం, నాకు కాపురం!”

నలభై మంది పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. తాబేలు ఏమీ పెట్టలేదు.

మంగళవారం పొద్దున భార్య పొయ్యి దగ్గర నిలబడి, తనలో తను అనుకున్నట్టుగా అంది. “రెండు రోజులైంది అమ్మ మాట విని.”

ఇక దాచలేక, ఏదో ఒకటి తేల్చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వేలు ఫార్మాట్ మీదికి వెళ్తుండగా తన ఫోన్‌లో తాబేలు జవాబు వచ్చింది. ఈసారి పొడుగ్గా ఉంది.

“ఫోన్ లోపల అరలుంటాయి. ఏ అర ఏ పద్ధతిలో సర్ది ఉందో సిస్టమ్‌లో ఒక జాబితా ఉంటుంది. మీరు తెచ్చిన జాబితా వేరే ఫోన్‌ది. మీ అర పాడవలేదు, జాబితాలో రాసింది తప్పు. డేటా అన్న వరస తీసేసి, కింద నేను రాసింది పెట్టండి. మూడుసార్లు చేసి చూశాను. తెరుచుకుంటుంది.”

పెట్టాడు. తెరుచుకుంది.

లెక్కపెట్టాడు. యాభై మూడూ ఉన్నాయి.

భార్య ఒకటి నొక్కింది. “మీ ఆయనకి చెప్పవే, రాని పనుల్లో వేలు పెట్టొద్దని.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిజమేనన్నట్టు అతను తలూపాడు.

తాబేలుకి కృతజ్ఞత చెప్పాలనుకున్నాడు. ఆదివారం తీరిగ్గా కూర్చుని నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాడు. మనం చెయ్యాల్సిన మంచి పనులన్నిటికీ ఆదివారం బాగుంటుంది.

మూడో ఆదివారం రాశాడు. కెమెరా పనిచేయడం లేదని. పనిలో పనిగా, చివర్లో థాంక్స్ కూడా తగిలించాడు.

జవాబు నిమిషంలో వచ్చింది.

“నేను ఆయన అమ్మాయినండీ. నాన్న పోయి పదకొండు రోజులైంది.”

గుమాస్తా ఏదో రాసి చెరిపేశాడు. మళ్ళీ రాసి చెరిపేశాడు.

“క్షమించమ్మా. ఆ రోజు తొందరలో నోరు జారాను.”

“చదివానండీ. నాన్నేమీ అనుకోలేదు. ‘కాపురం అంటున్నాడు, తొందరుండదూ’ అన్నారు. మీ ఫోన్ లాంటిదే మా ఇంట్లో ఒకటుంది. ఎవరు ఏమడిగినా ముందు దానిమీద చేసి చూసుకుంటేగానీ చెప్పేవారు కాదు. అందుకే ఆలస్యం.”

“ఎంత పెద్ద ఇంజనీరై ఉంటారో!”

“ఇంజనీరు కాదండీ, బస్సు డ్రైవరు. అమ్మ పోయాక నెలకి, ఆవిడ ఫోన్‌లో తెలియక నాన్నే ఫార్మాట్ నొక్కేశారు. అందులో పోయిన అమ్మ గొంతు వెనక్కి తెచ్చుకుందామని అరవై రెండో ఏట ఇదంతా ఒక్కో ముక్కా నేర్చుకున్నారు, అదొక్కటే రాలేదు.”