పేరు లేని బాణీ

"నోట్లో పొగాకు నీళ్లు పెట్టుకుని ఊఁ ఊఁ అంటే ఎట్లా అవ్వా? ఉమ్మేసి చెప్పు!" అన్నాడు కప్లియానా.

దర్‌థియాంగి తాపీగా లేచి, బయటికి వెళ్లి ఉమ్మి వచ్చింది. ఎనభై దాటిన ఆ మనిషిని తొందరపెట్టే ధైర్యం ఊళ్లో చర్చి సంఘపెద్ద కప్లియానాకు ఒక్కడికే ఉంది. అతని తొందరకూ కారణముంది. అతని తండ్రి థంగ్‌పూయా కట్టిన స్తుతి కీర్తన చర్చివాళ్ల కొత్త పాటల పుస్తకంలో ఉండాలో ఊడాలో ఈ ముసలామె నోటిమాటతో తేలిపోతుంది.

ఆ పుస్తకం వేసే కమిటీ తరఫునే సైలోవా ఐజ్వాల్ నుంచి వచ్చాడు. బెల్లం ముక్క కొరుక్కుంటూ, నల్ల టీ తాగుతూ విషయంలోకి దిగాడు.

"మాటల మీద ఎవరికీ పేచీ లేదవ్వా. గొడవంతా బాణీతోనే. వెనకటి రోజుల్లో బియ్యపు సారా కుండ చుట్టూ కూర్చుని పాడిన పాట అదేనని పక్క ఊరివాళ్లు అంటున్నారు. నిజమైతే కమిటీ ఒప్పుకోదు. ఆ పాటలు తెలిసినవాళ్లలో మిగిలింది నువ్వే."

"సారా తాగినవాళ్లలో మిగిలింది నువ్వే అని చెప్పు నాయనా. మొహమాటమెందుకు?"

కోడలు నుంథరి కిసుక్కున నవ్వింది. కప్లియానా నవ్వలేదు.

"మా నాన్నకు ఆ బాణీ పైనుంచి వచ్చింది," అన్నాడు. "తెల్లవారుజామున మంచులో పోడుకు వెళ్తుంటే కొండ అవతల నుంచి ఒక గొంతు పాడుతూ వినబడిందట. మనిషి గొంతులా లేదట. అక్కడే మోకాళ్లమీద పడ్డాడు. ఆ రోజే బాప్తిస్మం అడిగాడు. పోయేదాకా ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు. అలాంటి మనిషి సారా పాట ఎత్తుకొచ్చి పరలోకం పాట అన్నాడంటే, రేపు నేను ఏ మొహం పెట్టుకుని చర్చిలో నిలబడను?"

దర్‌థియాంగి అతని వంక చాలాసేపు చూసింది. ముక్కు అచ్చం తండ్రిదే.

"ఏదీ, పాడు," అంది.

కప్లియానా డోలు దగ్గరికి లాక్కుని అందుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. పల్లవి రెండోసారి ఎత్తుకునేసరికి తల అడ్డంగా ఊపింది. అతని చెయ్యి డోలుమీదే ఆగిపోయింది.

"అక్కడ సాగదీస్తున్నావు. సాగదియ్యకూడదు," అంది.

"అది సరే, ఇది ఎవరి పేరుమీది పాట?" అని నిలదీశాడు సైలోవా. ఆ కొండల్లో బాణీ కట్టినవాళ్ల పేరే పాటకు పేరు. సారా కుండ దగ్గరి పాటకైనా సరే, ఒక పేరంటూ ఉంటుంది.

"దీనికి ఎవరి పేరూ లేదు. సారా పాటలు, వేట పాటలు, శోకం పాటలు అన్నీ నాకు వచ్చు. వాటిలో ఇది లేదు. ఏ కుండ చుట్టూ దీన్ని ఎవరూ పాడలేదు. బైబిలు తెండి, చెయ్యి పెట్టి చెబుతా."

తెచ్చారు. చెయ్యి పెట్టి చెప్పింది. కప్లియానా ఆమె రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"అయితే కీర్తన ఉంటుంది. బాణీ ఎవరిదని వెయ్యమంటారు?" అన్నాడు సైలోవా.

"పరలోకం నుంచి వచ్చిందని వెయ్యండి!" అన్నాడు కప్లియానా.

"వేసుకోండి, నాకేం," అంది ముసలామె.

వాళ్లు వెళ్లాక నుంథరి అత్త పక్కన చేరింది. "అత్తా, ఆ థంగ్‌పూయాను నువ్వెరుగుదువా?"

"ఎరక్కేం? నాకు పెళ్లికాక ముందు రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవాడు. నేను చుట్టిచ్చిన చుట్ట తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు."

"ఓహో! మరేమైంది?"

"ఆ తెల్లవారుజాము తరవాత మళ్లీ రాలేదు. దేవుడు పిలిచాడన్నాడు. సారా కాచే ఇంటి గడప తొక్కనన్నాడు."

నుంథరికి జాలేసింది. "పోనీలే అత్తా. పరలోకం గొంతుతో మనం పోటీపడగలమా?"

దర్‌థియాంగి పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"ఆ మంచులో వాడికోసం పాట కట్టి పాడింది నేనేనే."