ఘాటెక్కని క్లాసు

“జూమ్‌లో ఉన్నానమ్మా, తలుపు కొట్టకు!” గదిలోంచి అరిచాడు లక్ష్మీకాంత్.

పున్నమ్మకి ‘జూదంలో ఉన్నా’ అని వినబడింది. కిందటి నెలేగా ప్రిన్సిపాల్ పిలిచి, ఇంకోసారి క్లాసు ఎగ్గొడితే కాలేజీ గేటు తొక్కనివ్వనన్నాడు! అలాంటివాడు పొద్దున్నే గడియ పెట్టుకుని పేకాటా?

గబగబా వసారాలోకి వచ్చింది. పక్కింటి సౌజన్య వీళ్ల వైఫై కోసం అక్కడే చాప వేసుకుని నర్సింగ్ క్లాసు వింటోంది.

“అమ్మాయ్, మావాడు క్లాసులో ఉన్నాడా?”

“ఉన్నారు మామ్మా, ఇదుగో.”

ఫోన్‌లో కొడుకు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా. నున్నగా దువ్విన తల. దగ్గు ఎందుకొస్తుందో గడగడా చెప్పుకుపోతున్నాడు.

పున్నమ్మకి అనుమానం తీరలేదు. ఇందాక కాఫీ ఇచ్చినప్పుడు వీడి తల పిచ్చుకగూడులా ఉందే! వెళ్లి తలుపుకి చెవి ఆనించింది. మాట కింద ఇంకేదో గురగుర.

“పొద్దస్తమానం ఆ తెరకి మొహం అప్పగిస్తే దిష్టి తగలదూ!” అని తేల్చేసింది. గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ తలుపు ముందు మూడుసార్లు తిప్పి, నిప్పుల్లో పోసి, చేటతో విసిరింది.

అసలే మిరపకి పేరుపడ్డ నల్లపాడు. అందులో కొత్తకాయ. వీధి వీధంతా దగ్గింది. సౌజన్య ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఫోన్‌లో లక్ష్మీకాంత్ మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

“వాడికి ఘాటే తగల్లేదు! ఎంత దిష్టే తల్లీ!” అంటూ పున్నమ్మ ఇంకో గుప్పెడు వేసింది.

తలుపు వెనక ఖళ్లుఖళ్లుమని దగ్గు.

ఫోన్‌లో అదే నవ్వు.

“ఓరి నీ దగ్గు తగలెయ్యా! ఇది దిష్టి కాదు, దగా!” పున్నమ్మ చేట విసిరికొట్టింది.

తలుపు భళ్లున తెరుచుకుంది. నలిగిన లుంగీ, చెంప మీద దిండు గీతలు, పిచ్చుకగూడు తల. లక్ష్మీకాంత్ బయటపడ్డాడు. లోపల లాప్‌టాప్‌లో, కిందటేడు రికార్డు చేసి పెట్టుకున్న లక్ష్మీకాంత్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

దగ్గుతూ మూగిన వీధివాళ్లందరికీ పున్నమ్మ విడమరిచి చెప్పింది. “నాకు జూదమని వినబడిందర్రా. జూదమూ కాదు, జూమూ కాదు. జోగుడు!”

సౌజన్య కళ్లు తుడుచుకుంటూ, క్లాసులో అందరికీ కనబడేలా ఫోన్ ఆయన వైపు తిప్పింది.

“మరి ఇన్నాళ్లూ మాకు పాఠం చెబుతున్నదెవరు సార్?”