బోరింగు పిడి

మంచిర్యాల స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని మొగిలి మాటిమాటికీ చొక్కా లోపలి జేబు తడుముకుంటున్నాడు.

అందులో పక్కనే కూర్చున్న కూతురు బ్లెస్సీ ఫీజు డీడీ ఉంది. హైదరాబాదు వెళ్లి కట్టడానికి ఈ రోజే ఆఖరు.

తీసి ఇవ్వడానికి మాత్రం అతనికి చెయ్యి రావడం లేదు.

“నర్సింగ్ చదివినవ్. కరీంనగర్ల నౌకరి రమ్మంటుంది. అది ఇడిసిపెట్టి మళ్ల రెండేండ్లు గీ పబ్లిక్ హెల్త్ ఏందే?”

“రోగం వచ్చినంక సూది ఇచ్చుడు కాదు బాపూ, రాకముందే ఆపుడు.”

“రాని రోగానికి జీతం ఎవడిస్తడే? ఫీజు పోతది, రెండేండ్ల జీతం పోతది. బయటికొస్తె మళ్ల నర్సు జీతమంతనే. లెక్క నువ్వే చెయ్యి.”

బ్లెస్సీ ఆ లెక్క ఎప్పుడో చేసింది.

బెంచీ చివర కాగజ్‌నగర్ బండి కోసం చూస్తున్న పెద్దాయన ఇటు తిరిగాడు. తెల్ల గడ్డం, భుజాన గుడ్డసంచి.

“నేను గా చదువే చదివిన తమ్మీ,” అన్నాడు.

మొగిలికి దగ్గరి చుట్టం దొరికినట్టయింది.

“అయితె ఏం సంపాదించినవో జర చెప్పు సారూ. మా పిల్ల ఇంటది.”

“ఇల్లు గూడ కట్టలే.”

“విన్నవా బిడ్డా? పోనీ, ఎంతమందిని బతికించినవ్ సారూ?”

“తెల్వది. రోగం రానోడు వచ్చి చెప్పడు గద.”

మొగిలి పకపకా నవ్వి నీళ్ల సీసా అందించాడు. పెద్దాయన ఎడమచేత్తో అందుకున్నాడు.

“కుడిచెయ్యి లేవది. డ్యూటీల తాకింది,” అని చెప్పి గటగటా తాగాడు.

“మాది నస్పూర్ సారూ,” మొగిలి ఊపందుకున్నాడు. “కలరా గత్తర లేసిన ఏడు గీ పిల్ల ఇంక పాకుతుండె. పక్క వాడలల్ల వాంతులు, బేదులు. రోజు ఎవరో ఒకరు పోయిన్రు. మీ పబ్లిక్ హెల్తోళ్లు ఒక్కడు రాలే. వచ్చింది దొంగ ఒక్కడే!”

“దొంగనా?”

“మా చర్చి ముంగట బోరింగు పిడి ఊడబీకిండు. ఇనుము అమ్ముకునేటోడు. పొద్దుగూకినంక దొరికిండు. మేం పట్టుకునేసరికి నట్లు, చెయిను మోరీల ఇసిరేసిండు. దెబ్బలు పడ్డంక ‘నీళ్లు, నీళ్లు’ అని ఒర్లిండు. మా ఇంటామె మగ్దలేనమ్మ పాపమని, గీ పిల్లకు తాపే నీళ్లే చెంబుల తెచ్చింది. చెంబు గుంజుకొని పారబోసిండు సారూ! మా చేతి నీళ్లు ముట్టడట! నాకు మండింది. అదే పిడితోని ఇంకో రెండు ఏసిన.”

పెద్దాయన ఖాళీ సీసా బెంచీ మీద పెట్టాడు.

“తర్వాత మీ వాడల ఎవరన్న పోయిన్రా?”

“ఒక్కలు పోలే. దేవుడు కాపాడిండు. బోరింగు బాగయ్యేదాక బొగ్గుబాయి కంపెనీ ట్యాంకరు నీళ్లే తాగినం.”

“గప్పటి పాకే పిల్ల గీ పిల్లనేనా?”

“గీ పిల్లనే.”

పెద్దాయన బ్లెస్సీని తేరిపార చూశాడు. ఆయన కళ్లు తడిశాయి.

“నేను మస్తు సంపాదించిన తమ్మీ. ఇయ్యాల్నే తెలిసింది.”

మొగిలికి ఆ మాట అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు కాగజ్‌నగర్ బండి వచ్చింది. పెద్దాయన ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని కష్టంగా ఎక్కాడు.

“బాపూ,” బ్లెస్సీ అతని మోచెయ్యి పట్టుకుంది. “గా చెంబుల నీళ్లు ఎక్కడియి?”

“బోరింగుయే. పొద్దుగాల కొట్టిపెట్టినయి.”

“గత్తర నీళ్లతోనే వస్తది బాపూ. పిడి లేకుంటె ఎవరు తాగరు.”

మొగిలి ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“గాయన నీళ్లు గావాలన్నడా, తాగొద్దన్నడా?”

మొగిలికి తెలియదు. ఆ మనిషి మాట పూర్తి చేయకముందే తను పిడి ఎత్తాడు.

“నువ్వు కొట్టింది గాయన ఏ చెయ్యి మీద బాపూ?”

మొగిలి దిగ్గున లేచాడు. “సారూ!” అని అరుస్తూ బండి వెంట పరుగెత్తాడు. చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోయింది.

రొప్పుతూ తిరిగొచ్చి, జేబులోని డీడీ తీసి కూతురి చేతిలో పెట్టాడు.

“ఏం సంపాదించినవని అడిగిన గద,” అన్నాడు. “గా దొంగ సంపాదించింది నిన్నే బిడ్డా.”