పేరు లేని స్లైడు

ట్రేలో ఆ స్లైడుని ఎక్కడ పెట్టాలో ఆమెకి తోచలేదు. ముందు పెడితే ల్యాబ్ పెద్దాయన హడావిడిగా చూస్తాడు. మధ్యలో పెడితే మిగతావాటితో కలిపి విసుక్కుంటాడు. ఆఖరికి చివర పెట్టింది.

అది వాళ్ల నాన్నది. పోయిన వారం మూత్రాశయంలోంచి తీసిన చిన్న ముక్క. దాన్ని మైనంలో పెట్టి, పల్చటి పొరలుగా కోసి, గాజు మీద పరిచి, రంగు వేసింది తనే. ల్యాబ్‌లో ఆమె రోజూ చేసే పనే అది. చేతులు వాటి పాటికి అవి చేసుకుపోయాయి. మనసు మొద్దుబారిపోయింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

చిన్న డాక్టరు పొద్దున్నే చూసి తేల్చేశాడు. "క్యాన్సరే. కండలోకి దిగిందో లేదో మాత్రం నాకు అంతుపట్టడం లేదు. పెద్దాయన చూడాల్సిందే."

కండలోకి దిగితే మూత్రాశయం తీసేయాలి. దిగకపోతే ఉంచుకోవచ్చు. ఇంట్లో నాన్న రోజూ అడుగుతూనే ఉన్నాడు, రిపోర్టు వచ్చిందా అని. ఇంకా రాలేదనే చెబుతోంది.

ఎవరి ముక్కో చిన్న డాక్టరుకి తెలియదు. ఇక్కడ స్లైడు మీద నంబరే ఉంటుంది, పేరుండదు. నంబరు అంటించింది తనే కాబట్టి ఆమెకి తెలుసు. ఈ నంబర్ల పద్ధతి పెద్దాయన పెట్టిందే. పేరు తెలిస్తే కన్ను మొహమాటపడుతుందట. ఆయనకి పద్ధతులెక్కువ. ఆమె ఉద్యోగంలో చేరిన రోజే, "ఇక్కడ ఎవరికైనా నేను సార్‌నే. వరసలు పెట్టి పిలవడాలు ఉండవు" అని తేల్చి చెప్పేశాడు.

పెద్దాయన ఒక్కో స్లైడూ చూస్తూ సణుగుతున్నాడు.

"ఇదేం రంగు? సున్నం కొట్టావా?" అన్నాడు ఒకదానికి.

చివరిది మైక్రోస్కోపు కింద పెట్టాక సణుగుడు ఆగిపోయింది. చాలాసేపు తలెత్తలేదు.

"వయసెంత?"

"మీరు అడగకూడదు కదా, సార్."

"అవును. అడగకూడదు."

మళ్లీ చూశాడు. అటు జరిపి చూశాడు, ఇటు జరిపి చూశాడు.

"క్యాన్సరే. కింద కండ కనిపిస్తోంది, అది శుభ్రంగా ఉంది. దిగలేదు."

సంతోషించాలని ఆమెకి తెలుసు. అదీ రాలేదు.

"అయితే తీసేయక్కర్లేదా, సార్?"

"అక్కర్లేదు. లోపలికి మందు ఎక్కిస్తారు. అప్పుడప్పుడూ గొట్టం వేసి చూస్తుంటారు. విసుగు పుట్టించే పనే. కానీ మనిషి ఉంటాడు."

"ఉద్యోగం మానేయాలా?"

"మానిపిస్తే ఇంట్లో కూర్చుని అందరి ప్రాణాలూ తోడేస్తాడు. చేసుకోనివ్వండి."

"ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు, సార్."

"ఆయన సంగతి వదిలేయ్. ఇంట్లో బెంబేలు పడేవాళ్లెవరు?"

"అమ్మ," అనేసి నాలుక కరుచుకుంది. "అంటే... వాళ్లావిడ, సార్."

పెద్దాయన మైక్రోస్కోపు దీపం ఆర్పేశాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవాటినే మళ్లీ తుడిచాడు. ఆమె ట్రే సర్దుతున్నట్టు నటించింది.

"దీనికి రంగు బాగా వేశావు," అన్నాడు.

ఆయన నోట మెచ్చుకోలు ఆ ల్యాబ్‌లో ఎవరూ వినలేదు. ఆమె స్లైడుని అందుకుని చీరకొంగుతో కాకుండా మెత్తటి కాగితంతో తుడిచి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది.

పెద్దాయన తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

"పదమ్మా, ఇంటికెళ్దాం. మీ అమ్మకి నేనే చెప్తాను," అన్నాడు నాన్న.