నొక్కి రాయి

"ఇవి అంకెలా, చీమలు పారిన జాడలా? ఒక్కటీ కనబడి చావదు. నొక్కి రాయవే!"

ఒక చేత్తో పొయ్యి మీద గరిటె తిప్పుతూ, రెండో చేత్తో కూతురి లెక్కల వర్క్‌బుక్ పట్టుకుని అరిచింది అమ్మ. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టాక వంటగదే బడి, ఆమే పంతులమ్మ, ఆమే ఆయా. పొద్దున లేచింది మొదలు కూర్చున్న పాపాన పోలేదు.

"వద్దమ్మా," అంది పదేళ్ల పిల్ల.

"ఏం, చేతిలో సత్తువ లేదా?"

"అది కాదు. నొక్కి రాస్తే రబ్బరు పెట్టి చెరిపినా గాట్లు పోవు. రెండేళ్లు పోతే తమ్ముడు ఇందులోనే రాయాలి కదా. ఇంకోటి కొనేది లేదని నువ్వేగా అన్నావు."

ఎప్పుడో విసుగులో అన్న మాట. గరిటె ఆగిపోయింది. అమ్మ పొయ్యి కట్టేసి, అల్మారా పైనుంచి పెన్ను తీసి కూతురి చేతిలో పెట్టింది.

"దీంతో రాయి."

"చెరగదమ్మా!"

"చెరపక్కర్లేదు. వాడి సంగతి నేను చూసుకుంటాలే."

అంటూనే పక్కన చతికిలబడింది.

పిల్ల కాసేపు పెన్ను వంక చూసి, తర్వాతి లెక్క చేసింది. పెన్నుతో కూడా ఆనీ ఆననట్టే రాసింది.