ఇంటోళ్లకు ఎవరు చెప్తారు?

"నాగేశ్వరను వదిలినారా నాయనా?"

సబ్‌జైలు గేటు దగ్గర మారెక్క రోజూ సాయంత్రం అడిగే మాట ఇదొక్కటే.

"ఇంకా లేదవ్వా," అనేవాడు వార్డర్ ఓబుళేసు.

ఆమె కొంగు సర్దుకుని లేచేది. "కోడలు ఒక్కతే ఉండాది. పోతా."

"ఏ ఊరి బస్సవ్వా?" అని ఒకరోజు అడిగాడు.

ఆమె చుట్టూ చూసి మెల్లగా చెప్పింది. "బెళుగుప్ప."

ఓబుళేసుకు జాలేసింది. కన్నపేగు కాకపోతే ఎండనక గాలనక ఇంతదూరం ఎవరొస్తారు? ఆమెను ఇంకేమీ అడగలేదు. అడిగే పనేముందనుకున్నాడు.

ఆ వారంలోనే అనంతపురంలో పెద్ద మీటింగ్ జరిగింది. పోలీసు, కోర్టు, జైలు కంప్యూటర్లను కలిపే ప్లాను గురించి. జైలు సూపరింటెండెంట్ గంగాధరప్ప పోయొచ్చి, సిబ్బందిని పిలిచాడు.

"ఇంకమీద కోర్టులో సంతకం పడతానే బెయిల్ ఆర్డర్ మన కంప్యూటర్లోకి వస్తాది. పోలీస్ స్టేషన్‌కూ పోతాది. కాగితం కోసం సాయంత్రం దాకా కాసుకునే పని లేదు."

"ఇంటోళ్లకు ఎవరు చెప్తారు సార్?" అన్నాడు ఓబుళేసు.

"అది ప్లానులో లేదప్పా."

అందరూ నవ్వారు. ఓబుళేసుకు ఒళ్లు మండింది. ఇన్ని ఆఫీసులకు తెలియాలంట, గేటు కాడ పడిగాపులు పడే మనిషికి మాత్రం అక్కర్లేదంట! ఆ ఒక్క పనీ తానే చేద్దామనుకున్నాడు.

శుక్రవారం నాగేశ్వర ఆర్డర్ రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకే అతను గేటు బయటికొచ్చాడు.

ఓబుళేసు అతని భుజం తట్టాడు. "నేరుగా ఇంటికి పోప్పా. ముసలామె నీకోసం రోజూ వస్తాంది."

"ఎవరు?"

"ఎవరేందప్పా! మీయమ్మ, మారెక్క. కోడలితో బెళుగుప్పలో ఉండాదంట."

నడవబోయిన నాగేశ్వర ఆగాడు.

"బెళుగుప్పలోనా?" తర్వాత నవ్వాడు. "నాకు తెలీదన్నా. మంచి మాట చెప్పినావు."

అతను బస్సెక్కేదాకా ఓబుళేసు చూస్తూ నిలబడ్డాడు. చాలా రోజులకు ఒక మంచిపని చేశానని కడుపు నిండినట్టయింది.

సాయంత్రం మారెక్క వస్తుంటే తానే ఎదురుపోయాడు.

"వదిలేసినారవ్వా! మధ్యాహ్నమే బెళుగుప్ప బస్సెక్కినాడు. మీరు ఆడుండారని నేనే చెప్పినా."

మారెక్క గేటు కమ్మీ పట్టుకుంది.

"ఏమైందవ్వా? మీ ఇంటికే కదా పోయినాడు!"

"నా కొడుకును నరికింది వాడే నాయనా... కండ్లారా చూసిన నా కోడలిని ఆడనే దాచిపెట్టినా."